నీడన ఆరిన టెంకలు

పెరట్లో తొక్కల గుట్ట దగ్గర ఎవరో కూర్చుని ఉండడం ముందు కోడలు పావని కంట పడింది.

"అత్తయ్యా, ఎవరో ముసలమ్మ మన చెత్తలో టెంకలు ఏరుతోంది!"

సంపూర్ణమ్మ మోచేతుల దాకా మామిడి రసంతోనే బయటికి వచ్చింది.

పక్కన కొండ చీపుళ్ళ కట్ట. సన్నటి మనిషి. ఒక్కో టెంకా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. కొన్ని సంచిలో వేస్తోంది, కొన్ని విసిరేస్తోంది.

"ఏంటమ్మా, ముత్యాలు ఏరుతున్నావా?"

"జీలకర్ర వాసనవి తీసుకుంటానమ్మా. బదులు చీపురిస్తాను."

సంపూర్ణమ్మకి నవ్వొచ్చింది. ఆ వాసన ఆమె పెరటి చెట్టుది. రామచంద్రపురం చుట్టుపక్కల ఎంతమంది మామిడి తాండ్ర చేసినా, సంపూర్ణమ్మ తాండ్ర నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయేది ఆ వాసనకే.

కొండల్లో టెంక పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి దంచి, అంబలి కాచుకుంటారని ఆమె విన్నది. మనసు చివుక్కుమంది.

"చీపురొద్దులే, కావలసినన్ని తీసుకో. పావనీ, రెండు కిలోల బియ్యం పొయ్యవే."

ముసలమ్మ బియ్యం కళ్ళకద్దుకుంది. వెళ్తూ వెళ్తూ గుట్ట వైపు చూసి గదమాయించింది.

"టెంకలిలా ఎండలో పారేయకండమ్మా, చచ్చిపోతాయి. నీడన ఆరబెట్టి ఉంచండి. వచ్చే ఏడు వస్తాను."

"అడుక్కునేదానికి అధికారం చూడండి!" అంది పావని.

"అంబలైనా రుచిగా కాచుకోవద్దేంటే పాపం," అంది సంపూర్ణమ్మ.

ఏడు వేసవులు వరసగా వచ్చింది. పెరట్లో తాండ్ర చాపలు పరిచిన వారానికల్లా దిగేది. సంపూర్ణమ్మ టెంకలు కడిగి, వసారా నీడన ఆరబెట్టి ఉంచేది. వద్దన్నా ముసలమ్మ గుమ్మం పక్కన ఓ చీపురు పెట్టి పోయేది. పేరేంటని ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరికీ కొండమ్మ.

ఒకసారి చెట్టు బెరడు నిమురుతూ అడిగింది.

"చలి పడని ఏడు కూడా పూస్తుందా ఇది?"

"పూయకేం? గాలివానకి సగం కొమ్మలు విరిగిన ఏడూ కాసింది. ఏంటే, సంబంధం చూస్తున్నావా?"

"చూస్తున్నానమ్మా," అంది కొండమ్మ, నవ్వకుండా.

ఎనిమిదో ఏడు రాలేదు. ఆమె కోసం ఆరబెట్టిన టెంకలు పుచ్చిపోయాయి.

ఈలోగా పక్క చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పు వేళ్ళకి దిగింది. చెట్టు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చి మోడైపోయింది. కిందటేడు కొట్టించేశారు.

బజారు పళ్ళతో చేస్తే తాండ్ర తియ్యగానే వచ్చింది. కానీ పాతికేళ్ళుగా కొంటున్న పాలకొల్లు షావుకారు అప్పాజీగారు ముక్క నమిలి, "ఇది మీరు చేసిందేనాండి?" అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది.

ఈ ఏడు అసలు చలే లేదు. మాఘంలోనే ఎండలు మండాయి. చుట్టుపక్కల తోటల్లో నిలిచిన కాస్త పూతా అకాల వానకి రాలిపోయింది.

"చాపలు చుట్టి అటకెక్కించేయవే. ఆ వాసన లేని తాండ్రకి నా పేరెందుకు?" అంది సంపూర్ణమ్మ.

పావని రెండో చాప చుడుతుండగా గుమ్మం ముందు ఆటో ఆగింది. నలభై ఏళ్ళ మనిషి దిగాడు. వెనక నిండా బుట్టలు.

"సంపూర్ణమ్మగారి ఇల్లిదేనాండి? నా పేరు జీవరాజండి. మారేడుమిల్లి అవతల కొండ మీంచి వస్తున్నాను. ఈ పళ్ళు మీకేనండి."

"మేమిప్పుడు కొనట్లేదు బాబూ."

"అమ్మకానికి కాదండి. మా వన సంరక్షణ సమితి వాళ్ళు మీకిచ్చి రమ్మన్నారు. మొదటి పెద్ద కాపు మీ ఇంటికేనని మా తీర్మానాల పుస్తకంలో రాసుందండి."

"నాకెందుకు? మీ కొండ నేనెప్పుడూ ఎక్కనైనా లేదే!"

అంటూనే ఓ పండు తీసి ముచిక తుంపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

జీలకర్ర.

వెనక్కి తిరిగి చూస్తే పావని అప్పటికే చుట్టిన చాపలు విప్పుతోంది.

"ఈ వాసన మీకెక్కడిదయ్యా?"

"అన్ని చెట్లకీ రాదండి, పదింటిలో మూడింటికి వస్తుంది. పుల్లవి ఎలుగుబంట్లకీ పిట్టలకీ వదిలేస్తాం. అవీ సమితి మెంబర్లేనని మా పెద్దావిడ అనేదండి. నరికి నరికి బోడైపోయిన కొండండి అది. చెట్లు ఎదిగాక కింద ఊట మళ్ళీ పుట్టింది. ఎండాకాలం కూడా పారుతోందండి."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళి సంచిలో బియ్యం పోసుకొచ్చింది.

"మీ వైపు నుంచే ఒక ముసలమ్మ వచ్చేది, చీపుళ్ళ కట్టతో. అంబలికని టెంకలు ఏరుకునేది పాపం. ఎండలో పెడితే చచ్చిపోతాయి, నీడన ఆరబెట్టండని మమ్మల్నే గదమాయించేది... నీడన..."

ఆమె బుట్టల వైపు చూసింది.

"కనిపిస్తే ఈ బియ్యం ఆవిడకివ్వు బాబూ," అంది మెల్లగా.

జీవరాజు సంచి రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"పాపాయమ్మండి ఆవిడ పేరు. మా పెద్దావిడ ఆవిడేనండి. పోయి అయిదేళ్ళయింది. మీరిచ్చిన బియ్యం గుంటలు తవ్వినవాళ్ళకి వండి పెట్టేది. అంబలికి ఒక్క టెంకైనా పగలగొట్టలేదండి, ఆ కొండంతా మీ చెట్టు పిల్లలే."