ఊట దగ్గర ఆగిన బండి

మొరం మట్టి తవ్వే బండ్లన్నిటినీ డ్రైవర్లు ఇళ్ల నుంచే నడుపుతున్న రోజులవి. స్వరూప పొయ్యి మీద పప్పు పెట్టి, వంటింట్లోనే తెర ముందు కూర్చుని, నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న గుట్టను తవ్వుతుంది. సర్కారు భూమిలోని ఆ క్వారీని ఇంకో పదెకరాలు పెంచుతామని కాంట్రాక్టరు ఆ ఉదయమే చెప్పాడు. కొత్త చోట తవ్వితే నష్టమేమీ లేదని డ్రైవరే చూసి సంతకం పెట్టాలి.

బండి గుట్ట మలుపు తిరగగానే తెర మీద ఒక ముసలమ్మ అడ్డంగా నిలబడి కనిపించింది.

"ఎవలున్నరు లోపట?"

"ఎవ్వలు లేరవ్వా. నేను మా ఇంట్ల కూసున్న," అంది స్వరూప మైకులో.

"మంచిగ కూసున్నవ్ బిడ్డా! గీ రాళ్ల కింద ఊట ఉన్నది. ఎండకాలం నెమళ్లు, కుందేళ్లు, మా గొర్లు ఈడ్నే తాగుతయ్. ఇది తవ్వితే మా బాయిలెండుతయ్."

స్వరూప బండి కెమెరా కిందికి వంచింది. రాళ్ల సందున నీళ్లు మెరుస్తున్నాయి. పప్పు మాడుతున్నా లేవకుండా, నష్టం ఉందని రాసి అధికారులకు పంపింది.

"నీ పని పోతది!" అని కాంట్రాక్టరు ఫోన్లో అరిచాడు.

"పోతే పోనీ సార్. చూసిందే రాసిన."

పని పోయింది. కానీ అధికారులు వచ్చి, ఊటను చూసి, క్వారీ పెంచడం ఆపేశారు. పాత క్వారీ గుంతను బండితో కుంటగా మార్చే పనికి ఊరి పంచాయతీ స్వరూపనే పిలిచింది. మొదటి రోజే ముసలమ్మ బండికున్న తవ్వే బకెట్టు నిండా సీతాఫలాలు పోసింది.

"అవ్వా, నేనెట్ల తినాలె?" అని స్వరూప పకపకా నవ్వింది.

"బస్సెక్కి రా!"

ఆదివారం ఆమె నిజంగానే బస్సెక్కింది. మూడేళ్లుగా తవ్విన గుట్ట మీద మొదటిసారి కాలు పెట్టి, దోసిలి నిండా ఊటనీళ్లు తాగింది.