పొర పెంచిన పులుసు

అన్నం బిళ్ళలు వచ్చాక ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయి, వంటమనిషి పేరిందేవికి పని పోయింది. పదేళ్ళకు ఆస్పత్రివాళ్ళే ఆమెకు కబురంపారు. బిళ్ళలే తప్ప తిండి లేక జనం పొట్టల్లో గాస్ట్రిన్ అనే హార్మోను ఊరడం మానేసిందట. అది ఊరితేనే పొట్ట లోపలి పొరలో కొత్త కణాలు పుడతాయట. నోరూరించే వంట ఎదురుగా ఉంటే అది మళ్ళీ ఊరుతుందని వాళ్ళ ఆశ.

ఆమెకు అప్పగించిన రోగి నరసరావుపేట కోదండపాణి, రిటైరైన లెక్చరర్. ఈ వారంలో పొర పెరగడం మొదలవకపోతే ఇక జన్మంతా గొట్టంతోనే తిండి. పేరిందేవి ఆయన మంచం పక్కనే ఆనపకాయ పులుసు కాచింది. ఆవిరి ముఖానికి తగిలినా ఆయన కళ్ళు తెరవలేదు. హార్మోను మీటరులో ముల్లు కదల్లేదు. దిగులుగానే ఆమె అలవాటు కొద్దీ బెల్లం ముక్క గిన్నెలో వేసింది.

బెల్లం వాసనకు కోదండపాణి దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏంటమ్మా నువ్వు చేసే పని? అది పులుసా, పానకమా?"

"మా కోనసీమలో బెల్లం పడకపోతే దాన్ని పులుసనరండి బాబూ!"

"మా అమ్మ పెట్టేది తిని మాట్లాడు. ఎండుమిరపకాయలు తుంచి, ఇంగువేసి..." చెబుతూనే ఆయన గుటక మింగాడు.

ముల్లు కదిలింది. నర్సు నమ్మలేక మీటరును తట్టి చూసింది. పేరిందేవి నవ్వు దాచుకుని, "ఇంకో ముక్క వేస్తానండి," అంది.

"ఆగు! ఎంత చెడగొట్టావో ముందు చూడనీ." ఆయన గరిటె లాక్కుని ఒకటి, రెండు, మూడు గుక్కలు తాగాడు.

"పూర్తిగా చెడిపోయింది," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "కాస్త అన్నం ఉంటే పెట్టు."