చప్పాయన

కొట్టు రేకు దించబోతూ అక్క రోడ్డు వైపు మరోసారి చూసింది.

"ఇవాళ కూడా రాలేదురా మన చప్పాయన."

"వస్తాడులే. మనకు వంక పెట్టకపోతే ఆయనకు తిన్నది అరగదు," అన్నాడు తమ్ముడు, ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ.

జామతోటలో ఈ ఏటికి అదే ఆఖరి కోత. అమ్మయ్య అనుకున్నాడు తమ్ముడు. గుండెల మీది బండ దిగినట్టుంది.

నిరుడు ఇదే రోజుల్లో అక్కాతమ్ముళ్ల మధ్య పెద్ద మాటలే నడిచాయి. తోట ఇద్దరి పేరునా ఉంది. పక్క స్థలంలో గోడౌన్లు కట్టినవాళ్లు దీన్ని కూడా కొంటామని అప్పట్లో వెంటపడ్డారు.

"చెట్లు నువ్వు చూసుకో, కొట్టు నేను చూసుకుంటా," అంది అక్క. "జనం మన పండు వెతుక్కుంటూ వచ్చారా, సరే. రాలేదా, అమ్మేద్దాం. అప్పుడు మూతి ముడుచుకుని కూర్చోకూడదు మరి."

తమ్ముడికి చెట్లు తప్ప వేరే విద్య రాదు. తను అంటు కట్టిన చోట లారీలు తిరుగుతాయని తలుచుకుంటేనే అన్నం సహించేది కాదు.

రోడ్డు పక్కన కొట్టు తెరిచిన మొదటి వారమే వచ్చాడాయన. బక్కపలచటి పెద్దమనిషి. మండుటెండలోనూ మెడకు మఫ్లరు.

అక్క రుచికి ఒక ముక్క కోసిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"చప్పగా ఉందమ్మా," అన్నాడు. అని, కిలో తూయించుకుని వెళ్లాడు.

తమ్ముడికి ఒళ్లు మండింది. "చప్పగా ఉంటే కొనడమెందుకట?"

"పోనీలేరా. మిగతావాళ్లంతా బాగుందన్నారుగా."

అన్నారు. కానీ బాగుందన్నవాళ్లు మళ్లీ రాలేదు. బాగాలేదన్నాయన మాత్రం వారం వారం వచ్చాడు.

వచ్చినప్పుడల్లా అదే మాట. పక్కన నలుగురున్నా మొహమాటం లేదు. చప్పాయన అని పేరు పెట్టింది అక్కే.

"ఆయనది మామూలు నాలుక కాదురా," అందొక రోజు. "ఏ పళ్లరసాల కంపెనీలోనో రుచి చూసే ఉద్యోగం చేసుంటాడు. ఎంత శ్రద్ధగా నములుతాడో చూడు."

రోషం కొద్దీ తమ్ముడు ఆ రోజు తనే ఒక పండు కొరికాడు. అమ్ముకునే హడావిడిలో తన పండు తను తిని ఎన్నాళ్లయిందో.

చప్పగానే ఉంది.

ఎందుకుండదు? అందరికంటే ముందు అమ్ముకోవాలని ముదరకుండానే కోస్తున్నాడు. తూకం రావాలని కోతకు ముందురోజు దాకా నీళ్లు పెడుతున్నాడు.

నీళ్లు తగ్గించాడు. చెట్టు మీదే రంగు తిరిగేదాకా ఓపిక పట్టాడు.

"చప్పగా ఉందమ్మా."

పశువుల ఎరువు తోలించాడు. గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి గిల్లేశాడు. గిల్లుతుంటే ప్రాణం ఉసూరుమంది.

"చప్పగానే ఉందమ్మా."

"చెట్లకు పంచదార పానకం పోయిస్తే గానీ ఊరుకునేలా లేడు," అని పళ్లు నూరాడు తమ్ముడు.

అప్పటికే, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ వస్తున్నారు. చుట్టాలను వెంటబెట్టుకుని వస్తున్నారు. మధ్యాహ్నానికే ట్రేలు ఖాళీ అవుతున్నాయి. అయినా తమ్ముడికి ఎవరి మెచ్చుకోలూ ఆనలేదు. ఆ ఒక్కడూ ఔనంటే చాలనిపించేది. అనేదాకా ఏదో ఒకటి సరిదిద్దుతూనే ఉన్నాడు.

కిందటి నెల ఆయన ముక్క నోట్లో వేసుకుని, నమలడం ఆపేశాడు. కళ్లు తెరిచాడు.

"ఇంకో ముక్క ఇస్తావామ్మా?"

అదీ తిన్నాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు మెల్లగా. కొనడం కూడా మర్చిపోయి, గబగబా వెళ్లిపోయాడు.

అక్క చేయి తుడుచుకుని, అప్పటికప్పుడే గోడౌన్ల వాళ్లకు ఫోను చేసింది. తోట అమ్మడం లేదని చెప్పేసింది. తమ్ముడు చెట్ల మధ్యకు వెళ్లి, ఎవరూ చూడకుండా తనివితీరా ఏడ్చాడు.

ఆ తర్వాత చప్పాయన మళ్లీ కనిపించలేదు. ఒక్కసారి చేతులు పట్టుకుని చెప్పాలని తమ్ముడు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

రేకు సగం దిగేసరికి ఎదురుగా స్కూటరు ఆగింది. దిగినావిడ కొత్త ముఖం.

"వారం వారం వచ్చి మీ పండుకు వంక పెట్టేవారు చూడండి, ఆయన కూతుర్ని. నాన్న నిన్ననే ఊరెళ్లిపోయారు. వెళ్లేముందు మిమ్మల్ని కలవాలనుకున్నారు గానీ ప్రయాణం హడావిడిలో కుదరలేదు. నన్ను వెళ్లి చెప్పి రమ్మన్నారు."

తమ్ముడి మొహం చిన్నబోయింది.

"అయ్యో. ఒక్క రోజు ముందు తెలిసినా నేనే వచ్చేవాణ్ణి. మీ నాన్నగారి నాలుకేనమ్మా మా తోటను నిలబెట్టింది. అంత రుచి తెలిసిన మనిషిని నేనెక్కడా చూడలేదు."

ఆవిడ అతని వంక వింతగా చూసింది. నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాన్న గొంతు జబ్బుకు వైద్యం కోసం నా దగ్గరికి వచ్చారండీ. ఆ వైద్యం మొదలయ్యాక ఆయనకు ఉప్పూ పులుపూ తీపీ ఏదీ తెలియకుండా పోయింది. ఎప్పటికైనా తెలుస్తుందేమోనని వారం వారం మీ దగ్గర ముక్క తిని చూసుకునేవారు. ఏడాదికి మొట్టమొదట తెలిసిన రుచి మీ పండుదే."