మంచి రక్తం

"మీ దుర్వలీనా పోయింది, నర్సమ్మా. తెల్లవారుజామున."

పేటలో ఆరోగ్య కార్యకర్తగా తిరిగే నెల్సీ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. నర్సు ఇవనీల్డి రక్తం తీయడానికి ఎవరి చేతికో రబ్బరు పట్టీ కడుతోంది. ఆ పట్టీ సగంలో వదిలేసి లేచింది.

"పోవడమేమిటి? ఏమైంది?"

"గర్భసంచి ముఖం దగ్గర కేన్సరట. పెద్దాసుపత్రిలో చూసేసరికే అంతా పాకిపోయింది."

"దుర్వలీనాకా? ఎనభై ఏడో నంబరుకా? నీకు మతి పోయిందా?"

చీరకొంగు లేని ఊరు అది. నెల్సీ చేతివేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది.

బెలేం నగరంలో నది ఒడ్డున ఉన్న పేటల్లో ఒక పరిశోధన కోసం ఈ పరీక్షలు మొదలై మూడేళ్ళు దాటింది. ఆడవాళ్ళ రక్తంలో విటమిన్లు ఎంతెంత ఉన్నాయి, ఆ కేన్సరు తెచ్చే వైరస్ ఎవరికి అంటుకుంటోంది, ఎవరిని దానంతటదే వదిలిపోతోంది, ఇదీ తేల్చాల్సింది. ఒక్కొక్కరికి ఒక నంబరు; ఆరునెలలకోసారి కాస్త రక్తం, దూదిపుల్లతో గర్భసంచి ముఖం దగ్గర ఒక నమూనా. పేటలో ఉండేవాళ్ళనే చేర్చుకునేవారు; వచ్చినవాళ్ళకి బియ్యం, చిక్కుడు గింజలు, పాలపొడి ఉన్న సంచి ఇచ్చి పంపేవారు.

మొదటి ఏడాదికే సగం మంది మానేశారు. సిగ్గని కొందరు, మొగుడు ఊరుకోడని కొందరు. దుర్వలీనా మాత్రం ఒక్కసారీ తప్పలేదు. పేరు పిలిస్తే క్షణం ఆగి లేచేది. చెప్పులు ఎప్పుడూ తడిసే ఉండేవి. వచ్చినప్పుడల్లా ఇవనీల్డికి దోసెడు తుకుమా అనే తాటిజాతి పళ్ళు తెచ్చేది, పసుపు ముద్దల్లాంటివి.

"నీళ్ళ మీది మీ చెక్కల వీధిలో ఈ చెట్లెక్కడివే?"

"అవతల దీవిలో మావాళ్ళున్నారు, నర్సక్కా. తోటంతా ఇవే. తినేవాళ్ళు లేక పందులకేస్తాం."

"అదీ సంగతి! అందుకే నీ రక్తం అలా ఉంది."

నిజంగానే అలా ఉంది. మిగతావాళ్ళ కాగితాల్లో విటమిన్ల అంకెలు నేలకి అంటుకుని ఉంటే, ఎనభై ఏడుకి నిండుగా ఉండేవి. వైరస్ జాడే లేదు. పరీక్షలు నడిపే డాక్టరుగారు ఆ కాగితాన్ని అందరికీ చూపించేవారు. ఇవనీల్డి అయితే వరసలో కూర్చున్న ఆడవాళ్ళని దెప్పేది. "పిండీ, ప్యాకెట్ సేమ్యా తిని బతికితే ఎలాగమ్మా? దుర్వలీనాని చూసి నేర్చుకోండి!"

అందరూ నవ్వేవారు. దుర్వలీనా మాత్రం తల దించుకునేది.

మూడో ఏడు వానాకాలంలో పేట ఆసుపత్రి నుంచి అక్కడి నర్సు ఫోన్ చేసింది.

"మీ పరీక్షల్లో ఉన్న దుర్వలీనా వచ్చింది. మధ్యమధ్యలో రక్తం పోతోందంటోంది. పెద్దాసుపత్రికి చీటీ రాయమంటావా? అక్కడ నాలుగు నెలల వరస ఉంది."

ఇవనీల్డి కాగితం తీసి చూసింది. చూడాల్సిన పనే లేదు, ఆ అంకెలు ఆమెకి నోటికొచ్చు.

"రెండు నెలల కిందటే చూశాం, శుభ్రంగా ఉంది. దాని చోటు ఇంకొకరికివ్వండి. వయసు మార్పులయి ఉంటాయి. ఐరన్ బిళ్ళలిచ్చి పంపేయండి."

"నువ్వు చెబితే సరే."

ఆ తర్వాత రెండుసార్లు దుర్వలీనా రక్తమివ్వడానికి వచ్చింది. ఇవనీల్డి అడిగింది కూడా. "ఏమే, రక్తం పోతోందన్నావట, తగ్గిందా?"

"ఆఁ... అప్పుడప్పుడూ."

ఆఖరిసారి వచ్చినప్పుడు పళ్ళు తేలేదు. సూది తీసి దూది అద్దాక కూడా లేవలేదు.

"నర్సక్కా, ఆ కాగితంలో తప్పు పడదా?"

"మిషను తప్పు చెప్పదు. ఆపైన రక్తం తీసింది నేను. నీ చేతి నరం చీకట్లో అయినా పట్టుకుంటాను. భయపడకు."

"తప్పు పడితే?"

"తప్పు పడితే నన్నడుగు."

ఏదో చెప్పబోయి ఆగింది. బయట వరసలో ఎవరో తొందర పెట్టారు. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. అది జరిగి ఇంకా మూడు నెలలు కాలేదు.

ఇప్పుడు ఇవనీల్డి నెల్సీ వెంట చెక్కల మీద నడుస్తోంది. కింద నురగ నీళ్ళు. వాన అప్పుడే వెలిసింది. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటోంది. నేనే వద్దన్నాను. నాలుగు నెలల వరసలో నిలబడనివ్వలేదు. అంత మంచి రక్తం ఎలా మోసం చేసింది?

"ముందుగా ఎవరూ చూడలేదా, నెల్సీ?"

"చూపించుకోవడానికి రెండుసార్లు వెళ్ళిందట. మీ కాగితం చూసి తిప్పి పంపేశారట. వాళ్ళాయన కూడా అదే పట్టుకున్నాడు, ఏమీ లేదని రాసిచ్చాక నీకెందుకే ఈ ఏడుపు అని."

నెల్సీ ఇవనీల్డి జబ్బ పట్టుకుని నడిపించింది.

ఇల్లు ఒకటే గది. జనం గోడలకి ఒదిగి దారిచ్చారు. ముగ్గురు పిల్లలు కిటికీ కింద వరసగా కూర్చున్నారు. మధ్యలో రెండు బల్లల మీద శవపేటిక. కాళ్ళ మీద పడైనా క్షమించమని అడగాలనుకుంటూ ఇవనీల్డి దగ్గరికెళ్ళి, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ ఆ ముఖంలోకి వంగి చూసింది.

పేటికలో ఉన్న మనిషిని ఇవనీల్డి జన్మలో చూసి ఎరగదు. తలాపున నేల మీద కూలబడి "అక్కా, అక్కా" అని గుండెలు బాదుకుంటున్నది మాత్రం, ఏడుసార్లు తన ముందు చెయ్యి చాపిన ఆ మనిషే.