పళ్ళేలు చూసుకున్న మేడమ్

భోజనాలయ్యాక ఎంగిలి పళ్ళేల బండి వెనక గదికి పోతుంటే, నిన్ననే వచ్చిన పెద్దావిడ వాకరు అడ్డం పెట్టి ఆపేసింది.

ఒక్కో పళ్ళేన్నీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చూడసాగింది.

వంట మాస్టరుకి ఒళ్ళు మండింది. ఆ వృద్ధాశ్రమంలో పద్దెనిమిదేళ్ళుగా గరిటె తిప్పుతున్న మనిషాయన. వండిన గిన్నెలోకి తొంగిచూసే వాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఎంగిలి పళ్ళెంలోకి తొంగిచూసే మనిషిని చూడటం ఇదే మొదలు.

అసలే ఆయన మనసు బాగాలేదు. ఆశ్రమంలో ఉన్న నలభైమందిలో ఇరవై ఆరుగురు బరువు తగ్గారని నర్సు తేల్చింది. నెలాఖరున మళ్ళీ తూచినప్పుడూ ఇదే వరస అయితే, వంటగదికి తాళం వేసి బయటినుంచి డబ్బా భోజనాలు తెప్పిస్తామని మేనేజరమ్మ చెప్పేసింది. మాస్టరు ఉప్పు పెంచాడు, తగ్గించాడు. వడ్డన పెంచాడు. ఎంత పెంచితే అంతా వెనక్కి వచ్చింది.

"అందులో ఏం వెతుకుతున్నావు పెద్దమ్మా?" అన్నాడు విసుగ్గా.

"వెతకడం కాదు నాయనా, అలవాటు. నలభై ఏళ్ళు పెద్ద పెద్ద హోటళ్ళలో పళ్ళేలు చూసుకున్నాను. ఎవరు ఏం వదిలేశారో చూస్తే ఎందుకు వదిలేశారో చెప్పేస్తాను."

మాస్టరు మనసులో లెక్క కట్టేశాడు. పెద్ద హోటళ్ళు. పళ్ళేలు చూడటం. ఇంకేముంది, తనిఖీ ఆఫీసరే! కాలు విరిగి, నెలరోజులు ఇక్కడ ఉండటానికి వచ్చానంటోంది గానీ, ఆ కట్టు కింద కాలు నిజంగా విరిగిందో లేదో ఎవరు చూడొచ్చారు? మేనేజరమ్మే గుట్టుగా పంపించి ఉంటుంది.

"నిలబడ్డారేం, కూర్చోండి మేడమ్," అని కుర్చీ లాక్కొచ్చి, తన కండువాతో తుడిచి మరీ వేశాడు.

అరనిమిషంలో పెద్దమ్మ మేడమ్ అయిపోయింది. ఆవిడ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, వాకరు పక్కన పెట్టి కూర్చుంది.

ఆ రోజునుంచి రోజూ బండి ముందు ఇద్దరికీ కొలువే.

మూత తీయని పెరుగు కప్పులు పదకొండు వచ్చాయి. పెరుగు నచ్చక కాదు, వణికే వేళ్ళకి ఆ రేకు మూత ఊడి రావడం లేదంది. మర్నాటినుంచి మాస్టరు పెరుగు తనే తోడుపెట్టి, గిన్నెల్లో వడ్డించాడు. తెల్లటి చేపముక్క, తెల్లటి బంగాళాదుంప ముద్ద, తెల్లటి పళ్ళెం. మసక కళ్ళకి అది ఖాళీ పళ్ళెమేనంది. మాస్టరు అటకమీదినుంచి నీలం పళ్ళేలు దింపించాడు. నమిలి అంచున పెట్టేసిన మాంసం ముక్కలు చూపించింది. అవి ముసలి పళ్ళకి నలగడం లేదంది. మర్నాటినుంచి మాస్టరు మాంసం సన్నగా కొట్టి, వెన్న కలిపి మెత్తగా వండాడు.

ఒక పళ్ళెం మాత్రం వింతగా ఉంది. కుడి సగం నాకినట్టు ఖాళీ, ఎడమ సగం ముట్టుకోనే లేదు. అది డ్రైవరు తాతయ్యదని, పక్షవాతం వచ్చి తగ్గినప్పటినుంచి ఆయన సగమే తింటాడని వడ్డించే అమ్మాయి చెప్పింది.

"సగమే తినడం కాదమ్మా, ఆయనకి సగమే కనిపిస్తోంది," అందావిడ. "అటు తిని ఆపగానే పళ్ళెం ఇటు తిప్పిపెట్టు."

తిప్పిపెట్టారు. తాతయ్య మొహం విప్పారింది. అడక్కుండానే మళ్ళీ వడ్డించారని మురిసిపోయి, ఆ సగమూ ఊడ్చిపెట్టేశాడు.

మాస్టరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ సగం తన చేతివంట బాగాలేకే మిగులుతోందని రెండు నెలలుగా కుమిలిపోతున్నాడు మరి.

రోజులు గడిచేకొద్దీ బండి తేలికైంది. హాల్లో కబుర్లు ఎక్కువయ్యాయి. మారు వడ్డన అడిగే గొంతులూ వినిపించాయి.

ఒకరోజు ఆవిడ పళ్ళేలు కడిగే గది చూస్తానని బయల్దేరింది. మాస్టరు గుమ్మానికి అడ్డం పడ్డాడు. లోపల కుళాయి కారుతోంది, నేలంతా తడి. ఆఫీసరు కంటపడితే కొంప మునుగుతుంది.

"ఛ ఛ, మీలాంటి వాళ్ళు అడుగుపెట్టే చోటు కాదు మేడమ్!" అన్నాడు.

ఆవిడ వాకరు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఎందుకో మాస్టరుకి అర్థం కాలేదు.

నెలాఖరు వచ్చింది. ఇరవై ఆరుగురిలో ఇరవై ముగ్గురు బరువు పెరిగారు. డ్రైవరు తాతయ్య ఏకంగా రెండు కిలోలు పెరిగి, ప్యాంటు బొత్తాం పట్టడం లేదని అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. తాళం మాట ఇక ఎత్తనని మేనేజరమ్మ నవ్వుతూ ఒప్పుకుంది. మాస్టరుకి పట్టరాని సంతోషం వచ్చి, ఆ కబురు ముందు మేడమ్‌కే చెప్పాలని గదికి పరిగెత్తాడు.

మంచం ఖాళీగా ఉంది. కట్టు విప్పేశారని, పొద్దున్నే తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయిందని నర్సు చెప్పింది. మిగిలిన బట్టలు సర్దుకోవడానికి వచ్చిన కూతురు మాత్రం అక్కడే ఉంది.

"మీ అమ్మగారికి నా దణ్ణాలు చెప్పండమ్మా," అన్నాడు మాస్టరు ఆయాసపడుతూ. "అంత పెద్ద ఆఫీసరై ఉండి, నన్ను ఒక్క మాట కసరలేదు. ఆవిడవల్లే నా వంటగది నిలబడింది."

కూతురు బట్టలు మడతపెట్టడం ఆపి, ఆయనవైపు చూసి నవ్వింది.

"ఆఫీసరు కాదండీ, మా అమ్మ నలభై ఏళ్ళు హోటళ్ళలో ఎంగిలి పళ్ళేలు కడిగింది, ఆ సంగతి చెబితే మీరు తన మాట వినరేమోనని ఊరుకుందట."