పదిహేడో రూలు

పాచిక బల్ల మీంచి దొర్లి, గుమ్మం దాటి, మెట్ల మీద పడింది.

మెట్లెక్కి వస్తున్న మనిషి దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు.

"నాలుగు పడిందండి," అన్నాడు లోపలికొచ్చి.

"కింద పడితే చెల్లదు," అన్నాడు లక్ష్మీనరసింహం.

ఒంగోలు కాలేజీలో లెక్కల లెక్చరరు ఆయన. ఇంట్లోనూ లెక్చరరే, పాపం ఆ ఇల్లాలు. ఆదివారాలు మేడమీద గదిలో ఆయన నడిపే ఆటకు పావులుండవు. ఆయన కథ చెబుతాడు. మిగిలినవాళ్లు ఆ కథలో వీరులో, మాంత్రికులో అయి మాట్లాడతారు. పాచిక ఎలా పడితే అలా జరుగుతుంది. తేడా వస్తే నలభై పేజీల సైక్లోస్టైలు పుస్తకం తీస్తాడు. దాని మీద రాసినవాడి పేరు లేదు, గుంటూరులో ఒక హాస్టలు అడ్రసు తప్ప. అయినా ఆయనకది వేదం.

"ఎవరు కావాలండీ?" అంది ఆయన భార్య కామేశ్వరి.

"ఆట ఆడదామని గుంటూరు నుంచి వచ్చానమ్మా. ఆదివారాలు ఇక్కడ ఆడతారంట గదా."

తాలూకా ఆఫీసు గుమాస్తా త్యాగరాజు అతన్ని ఎగాదిగా చూశాడు. నలిగిన చొక్కా, దుమ్ము కొట్టుకున్న కాళ్లు. కుడివైపు చొక్కా చేయి ఖాళీగా వేలాడుతోంది.

"ఇది పేకాట కాదయ్యా," అన్నాడు.

"తెలుసండి."

"రానివ్వండి," అంది కామేశ్వరి. "త్యాగరాజుగారి మాంత్రికుడు పోయినవారమే పోయాడు. నేను మంటల్లో ఉన్నాను. నన్ను బయటికి లాగేవాళ్లు లేరిక్కడ."

ఆటలో ఆమె ఒక వీరనారి. రెండేళ్లుగా ఆ వీరనారిని కంటికి రెప్పలా కాపాడుకుంటోంది. ఇప్పుడు కోట అంటుకుంది, తలుపులు మూసుకుపోయాయి. మంత్రం పడితేనే బతుకుతుంది.

వచ్చినతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను మాంత్రికుణ్ణి. ఒకటే చేయి. ఇనప కవచం తొడిగాను. మంత్రదండాన్ని కవచానికి, గుండె దగ్గర బిగించాను. మంటలార్పే మంత్రం వేస్తున్నాను."

పాచిక వేశాడు. ఆరు.

కామేశ్వరి చప్పట్లు కొట్టింది.

లక్ష్మీనరసింహం పుస్తకం తీశాడు.

"పదిహేడో రూలు. కవచం తొడిగిన మాంత్రికుడు మంత్రం వేయాలంటే ఒక చేత దండం పట్టాలి, రెండో చేయి ఖాళీగా ఉండాలి. మీవాడికున్నది ఒకటే చేయి. మంత్రం చెల్లదు."

"దండం కవచానికుంది. చేయి ఖాళీగానే ఉంది. ఇంకేం కావాలండి?"

"చేత పట్టాలని ఉంది."

"ఎందుకు పట్టాలి?"

"రూలు గనక."

"ఒంటిచేతివాడు ఉంటాడన్న ఆలోచనే లేకుండా రాసిన రూలండి అది. తప్పు. కొట్టేయండి."

త్యాగరాజుకు నవ్వొచ్చింది.

"కొట్టేయడానికి నువ్వెవరివయ్యా? ఇదే రూలులో డాలు పట్టిన చేయి ఖాళీ చేయి కిందికి వస్తుందా రాదా అని రాసినాయన్నే అడిగాం. కాలేజీ కాగితం మీద రాశాం. నెలయింది."

అతను తలెత్తాడు. "జవాబు అందలేదా?"

"లేదు. అందేదాకా అక్షరం మారదు."

అతను ముగ్గురి మొహాలూ చూశాడు.

"ఆయన తప్పంటే కొట్టేస్తారు. నేనంటే కొట్టేయరు."

"అంతే మరి," అన్నాడు లక్ష్మీనరసింహం.

"అయితే ఇక నేను చెప్పను."

"ఏమండీ, రెండేళ్లుగా కాపాడుకున్న మనిషి," అంది కామేశ్వరి.

"రూలు రూలే కామేశ్వరీ. కోట కూలింది. నీ మనిషి పోయింది."

"తగలెయ్యండి మీ రూలు," అంది ఆమె.

అతను లేచాడు.

"రెండేసి చేతులుండి మనిషిని కాల్చేశారండి. ఒంటిచేతి మావాడు ఆర్పుతానంటే వద్దన్నారు."

"ఆటకే అంత పౌరుషమా?" అన్నాడు త్యాగరాజు. "రెండు చేతులతో ఇంకో మాంత్రికుణ్ణి రాసుకో. పోయేదేముంది?"

"రాసుకోను. నాకు లేనిది వాడికి పెట్టను."

"కాఫీ తాగి వెళ్లండి," అంది కామేశ్వరి వెనకాలే వెళ్లి.

"ఆడనివ్వని ఇంట్లో కాఫీ ఎందుకమ్మా?" అని మెట్లు దిగిపోయాడు. పేరు కూడా ఎవరూ అడగలేదు.

దసరా సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. సెలవుల్లో వచ్చిన కవరొకటి ప్యూను బుడాన్ తెచ్చి లక్ష్మీనరసింహం చేతిలో పెట్టాడు. మీద గుంటూరు ముద్ర. ఆయన దాన్ని చించకుండా ఆదివారం దాకా దాచాడు, అందరి ముందూ చదవాలని. అదో సరదా ఆయనకు.

"చదవండి, చదవండి," అన్నాడు త్యాగరాజు. "డాలు సంగతి తేలిపోతుంది."

ఆడవాళ్ల గుండ్రటి చేతిరాత. లక్ష్మీనరసింహం గొంతు సవరించుకున్నాడు.

"లెక్చరరు గారికి మరియదాసు నమస్కారం. హాస్టలు అడ్రసుకు రాసిన మీ ఉత్తరం తిరిగి తిరిగి నాకు చేరింది. ఆ పుస్తకం మా హాస్టలు పిల్లల కోసం నేను రాసిందే. డాలు పట్టిన చేయి ఖాళీ చేయి కాదు."

"చూశావా?" అన్నట్టు త్యాగరాజు వైపు చూశాడు. తర్వాతి వాక్యం మీదికి కళ్లు వెళ్లాయి. కాగితం మడవబోయాడు.

"ఆపారేం?" అంది కామేశ్వరి.

ఆమె కాగితం లాక్కుని తనే చదివింది.

"అసలు ఆ రూలే తప్పు. హాస్టలు మూసేశాక పత్తి జిన్నింగు మిల్లులో చేరి, పోయినేడాది మరలో కుడిచేయి పోగొట్టుకున్నాకగానీ నాకది తెలియలేదు. ఎడమచేత్తో రాత ఇంకా కుదరక ఈ ఉత్తరం మా ఆవిడ దేవకుమారి చేత రాయిస్తున్నాను. వచ్చే ఆదివారం ఒంటిచేతి మాంత్రికుణ్ణి వెంటబెట్టుకుని నేనే వస్తాను, మీతో ఒక్క ఆట ఆడనివ్వండి."