వేలెడు లోతు

"కడుపు నొస్తుందని చెప్పు. ఇంకొక్క మాట నోట్లకెళ్లి రావొద్దు," అంది సుమిత్రమ్మ, బోధన్‌లోని స్కానింగ్ గది తలుపు ముందే కోడలి రెక్క పట్టుకుని.

"గడ్డ కడుపుల లేదు గద అత్తమ్మా," అంది శిరీష మెల్లగా.

"మొగ డాక్టర్ ముందట రొమ్ము పేరెత్తుతవా? మన రెంజల్ ఆడోళ్లకు గడ్డలు రాలేదా? ఎవలన్న గిట్ల సూపిచ్చుకున్నరా? సిగ్గుండాలె!"

లోపల డాక్టర్ రవీందర్ ఏమైందని అడిగాడు. శిరీష తల వంచుకుంది.

"కడుపు నొప్పి సారూ," అని సుమిత్రమ్మే చెప్పింది.

అతను చల్లటి జెల్ రాసి, వంపు మూతి ఉన్న ప్రోబ్‌ను పొట్టంతా తిప్పాడు. "లివర్, కిడ్నీలు అన్నీ మంచిగున్నయ్. ఏం లేదమ్మా, లే."

సుమిత్రమ్మ అప్పటికే తలుపు దాకా వెళ్లింది. శిరీష మాత్రం బల్ల దిగలేదు.

"సారూ, దీంతోని తోలు కిందనే ఉన్నది గూడ కనిపిస్తదా?"

"మసక మసక కనిపిస్తది. దీని మూతి వంపు గద, సౌండ్ విసనకర్ర లెక్క విచ్చుకుంట లోతుకు పోతది. పైన ఉన్నదానికి గీ సాపు మూతి ప్రోబ్ వేరే ఉంటది. దీని సౌండ్ తిన్నగ పోయి వేలెడు లోతులనే కూడుకుంటది. మెడకు, రొమ్ముకు గిదే పెడ్తం. ఎందుకడిగినవ్?"

శిరీష ముఖం సిగ్గుతో చెవుల దాకా వేడెక్కింది. గోడ వైపు చూస్తూ, "గదే పెట్టుండ్రి సారూ. నాకు ఎడమ రొమ్ముల గడ్డ ఉంది," అంది.

"ఇజ్జత్ తీస్తివి గదనే!" సుమిత్రమ్మ కొంగుతో ముఖం కప్పుకుని అటు తిరిగింది.

రవీందర్ నర్సును పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. సాపు ప్రోబ్ కింద చిన్న నల్లటి గుండ్రం స్పష్టంగా కనిపించింది.

"నీళ్ల తిత్తి తల్లీ. భయం లేదు. గిన్ని దినాలు ఎందుకు దాచినవ్?"

శిరీష బల్ల దిగింది. గోడ వైపు తిరిగి జాకెట్ హుక్కులు పెట్టుకుంది. అత్తమ్మ వైపు చూడడానికి ముఖం చెల్లలేదు.

నర్సు ప్రోబ్ తుడిచి పక్కకు పెట్టబోయింది. సుమిత్రమ్మ గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"గదాన్ని అప్పుడే పక్కకు పెట్టకు బిడ్డా," అంటూ కోడలు దిగిన బల్ల మీదికి ఎక్కి కూర్చుంది. "నాది రెండేండ్ల సంది రాయి లెక్క ఉన్నది."